అయస్కాంతం సరే, పేషెంటు వెనక్కి రావాలిగా!

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నాలజీలో బీఎస్సీ చేసి, చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యూరాలజీ థియేటర్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కిడ్నీలో రాళ్లు తీశాక మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం పెట్టి పంపిస్తాం. కొన్ని వారాల తర్వాత వచ్చి తీయించుకోవాలి. కొందరు రారు. ఈ మధ్య మా వైపు పెద్దాయన ఒకరు ఏడాదిన్నరకు వచ్చారు. స్టెంట్ చుట్టూ రాయి కట్టేసింది. "లోపల ఒకటి పెట్టారని మాకెవరూ చెప్పలేదమ్మా" అని వాళ్లబ్బాయి నా దగ్గర ఏడ్చాడు. అప్పట్నుంచి నాకొక ఆలోచన. స్టెంట్ కొసకి చిన్న అయస్కాంతం పెడితే, కెమెరా లోపలికి పంపకుండా ఇంకో అయస్కాంతంతో లాగేయొచ్చు కదా! బొమ్మలు కూడా గీసుకున్నాను. మా డాక్టరుగారు బాగుందన్నారు. వచ్చే కాన్ఫరెన్సులో పోస్టర్ పెడదాం, వీలైతే ఒక పేషెంటుకు వేసి చూద్దాం అన్నారు. మా బావకు తెలిసిన కన్సల్టెన్సీ వాళ్లు మూడు లక్షలిస్తే ప్రపంచమంతటికీ పేటెంట్ తెస్తామంటున్నారు. అత్తయ్య మాత్రం "డాక్టర్లకే తట్టనిది నీకు తట్టిందా" అంటున్నారు. ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చోవాలా? ఏం చేయమంటారు?
– పేరు వద్దు, చెన్నై

సమాధానం: అమ్మా, ముందు రెండు పనులు వద్దని చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. మీ నమూనాను ఏ పేషెంటుకూ వేసి చూడొద్దు. పోస్టర్ ఇప్పుడే పెట్టొద్దు.

మొదటిది డాక్టరుగారు సరదాకి అన్నా సరే, నవ్వి ఊరుకోకండి. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. పరీక్షల కోసమని కొద్ది సంఖ్యలో పరికరాలు తయారుచేయాలన్నా ఎండీ-12 ఫారంలో దరఖాస్తు పెట్టి ఎండీ-13 లైసెన్సు తెచ్చుకోవాలి. మనుషుల మీద పరీక్ష అంటే దారే వేరు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఢిల్లీలోని సీడీఎస్‌సీఓ నుంచి ఎండీ-23 అనుమతి రావాలి, పేషెంటుకు తన భాషలో చెప్పి సంతకం తీసుకోవాలి. ఇవేవీ లేకుండా ఒక్కరికి వేసినా, రేపు జ్వరమో రక్తమో వచ్చిన రోజున ఓటీ నోట్స్‌లో టెక్నీషియన్ పేరు కూడా ఉంటుంది. అసలు కాగితాల సంగతి పక్కన పెట్టండి. మిమ్మల్ని కదిలించింది తనకు ఏం పెట్టారో తెలియని ఒక పెద్దాయన. ఇంకొకరికి తెలియకుండా ఇంకొకటి పెట్టి దాన్ని సరిచేస్తామా?

మీ అత్తయ్యగారికి జవాబు మీరు చెప్పకండి, నేను చెబుతాను. అమెరికాలో సిన్సినాటి అనే ఊళ్లో థామస్ ఫోగార్టీ అనే కుర్రాడు బడిలో చదువుకుంటూనే ఆసుపత్రిలో సామాన్లు కడిగే పనికి కుదిరాడు. తర్వాత అక్కడే స్క్రబ్ టెక్నీషియన్ అయ్యాడు, అంటే అచ్చం మీ పనే. కాలి రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆ రోజుల్లో కాలంతా పొడవునా కోసి తీసేవారు. చాలామంది చనిపోయేవారు, కాలు పోగొట్టుకునేవారు. ఆపరేషన్ తర్వాత ఆపరేషన్‌లో పనిముట్లు అందిస్తూ ఇదంతా చూసిన కుర్రాడు మెడిసిన్‌లో చేరాక, రబ్బరు గ్లోవ్ చిటికెనవేలు కత్తిరించి సన్నటి కేథటర్ (గొట్టం) కొసకు తొడిగాడు. ఆ కేథటర్ కూడా మీ యూరాలజీ వాళ్లు వాడేదే. అప్పటి జిగురు ఏదీ ఆ రెంటినీ పట్టి ఉంచలేదు. చిన్నప్పుడు చేపల గాలానికి ఈకలతో ఉత్తుత్తి పురుగులు కట్టిన అలవాటు ఉంది కాబట్టి దారంతో ముడి వేశాడు. చిన్న కోతలోంచి గడ్డను దాటించి లోపలికి పంపడం, బెలూన్ ఉబ్బించడం, గడ్డతో సహా వెనక్కి లాగడం. అంతే. తయారుచేసి పెట్టమంటే కంపెనీలు చాలాకాలం పొమ్మన్నాయి. మనిషికి మొదటిసారి వాడింది 1961లో, పేటెంట్ వచ్చింది 1969లో. ఈ రోజుకీ చెన్నైలో ఏ వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్‌నైనా "ఫోగార్టీ ఉందా" అని అడిగి చూడండి, షెల్ఫు చూపిస్తారు. కడుపు కోయకుండా, ఛాతీ తెరవకుండా చేసే వైద్యం ఇంత పెరిగిందంటే దాని మొదళ్లలో ఒకటి టెక్నీషియన్ నిలబడే చోటే ఉంది.

ఇక అయస్కాంతం. బాధపడకండి కానీ, ఇది ఉంది. మూత్రాశయంలో ఉండే కొసకు చిన్న అయస్కాంతం కట్టిన స్టెంట్‌ను ఒక జర్మన్ కంపెనీ చాలా ఏళ్లుగా అమ్ముతోంది. తీసేటప్పుడు కొసలో అయస్కాంతం ఉన్న సన్నటి కేథటర్ పంపుతారు, రెండూ అతుక్కోగానే మెల్లగా లాగేస్తారు. గూగుల్ పేటెంట్స్‌లో ఒక ఆదివారం కూర్చుంటే ఇలాంటివి వరసగా కనిపిస్తాయి. యూరప్ వాళ్ల ఎస్పాస్‌నెట్, మన పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్ కూడా ఉచితమే. మీకు తట్టింది మీకంటే ముందు ఇంకొకరికి తట్టిందంటే మీ బుర్ర తప్పుదారిలో లేదన్నమాట. ఆ మూడు లక్షల కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం ఈ సంగతి మీతో అనలేదు చూశారా? వెతికి ఉంటే దొరికేది. వెతకలేదో, దొరికినా చెప్పలేదో మీరే అడగండి.

కానీ నన్ను ఆపింది అది కాదు. మీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి, మీరు ఒకటే అనుకుంటున్నారు. స్టెంట్ తీయడం కష్టంగా ఉండటం ఒకటి. తీయించుకోవడానికి మనిషి రాకపోవడం ఇంకొకటి. ఆ పెద్దాయన రానిది కెమెరాకి భయపడి కాదు, లోపల ఒకటుందనే తెలియక. మీ అయస్కాంతం ఉన్నా ఆయన ఏడాదిన్నరకే వచ్చేవారు, రాయి కూడా అంతే కట్టేది. రాని చుట్టానికి కొత్త పరుపు కుట్టించినట్టు అవుతుంది.

ఆయనకు ఎందుకు తెలియలేదో నాకంటే మీకే బాగా తెలుసు. డిశ్చార్జి రోజు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి. సమ్మరీ నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. అందులో ఎక్కడో "డీజే స్టెంట్ ఇన్ సిటు, రివ్యూ ఆఫ్టర్ ఫోర్ వీక్స్" అని ఒక లైను, అంటే స్టెంట్ లోపలే ఉంది, నాలుగు వారాలకు రండి అని. వార్డు సిస్టర్ తమిళంలో చెబుతుంది. పేషెంటు తల ఊపుతాడు. తెలుగులో విడమరిచి చెప్పగలిగిన మీరు ఆ టైములో థియేటర్‌లో ఉంటారు. కొడుకు బిల్లు కౌంటర్ దగ్గర, అల్లుడు ఆటో కోసం బయట. సెంట్రల్‌లో నెల్లూరు బండి తప్పిపోతుందని అందరికీ కంగారు. ఇంటికెళ్లాక మూత్రంలో మంట, అస్తమానం వెళ్లాలనిపించడం, అప్పుడప్పుడు ఎర్రగా రావడం, ఇవన్నీ స్టెంట్ వల్ల వచ్చేవే. మన ఇళ్లలో దానికి పేరు "వేడి చేసింది". బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ. లోపల గొట్టం ఉందని ఒళ్లు చెబుతున్నా వినిపించుకునేవాళ్లుండరు. అసలు నొప్పి పోయింది, డబ్బు కట్టేశారు, ఇంక చెన్నై ఎందుకనుకుంటారు.

గడువు ఎంత బిగువుగా ఉంటుందో చూడండి. డీజే స్టెంట్ మీద రాయి కట్టడం గురించి 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆరు వారాల్లోపు తీసినవాటిలో 9.2 శాతానికి పొర కట్టింది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తీసినవాటిలో అది 47.5 శాతం. పన్నెండు వారాలు దాటితే 76.3 శాతం. అంటే "వచ్చే పండక్కి చూద్దాంలే" అనుకునే ఆ ఒకటి రెండు నెలల్లోనే కథంతా మారిపోతోంది. అప్పుడు అయస్కాంతం పట్టుకుని లాగితే స్టెంట్ రాకపోవచ్చు, మూత్రనాళం చిరగొచ్చు.

2007లో ఢిల్లీ ఎయిమ్స్, ఐఐటీలతో కలిసి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు బయోడిజైన్ అని ఒక శిక్షణ మొదలుపెట్టారు. వైద్య పరికరాలు కనిపెట్టాలనుకునే డాక్టర్లను, ఇంజనీర్లను కలిపి కూర్చోబెట్టి, ముందు ఆసుపత్రిలో నిలబడి చూడమంటారు. చూసిందాన్ని ఒక్క వాక్యంలో రాయమంటారు. ఎవరికి, ఏ ఇబ్బంది, ఏం జరిగితే తీరినట్టు? ఆ వాక్యంలో పరికరం పేరు ఉండకూడదు. ఈ ఒక్క నియమం వల్ల ఎన్ని అందమైన బొమ్మలు చెత్తబుట్టలో పడతాయో! అయినా మంచిదే. మీ వాక్యం నేను రాస్తే రెండు వస్తున్నాయి. "బయటి ఊరి నుంచి వచ్చి స్టెంట్ పెట్టించుకుని వెళ్లిన పేషెంటుకు ఆరు వారాల్లోపు అది బయటికి రావాలి." రెండోది: "సిస్టోస్కోపు (మూత్రాశయంలోకి పంపే కెమెరా గొట్టం) లేని చిన్న ఊరి ఆసుపత్రిలో, యూరాలజిస్టు కాని డాక్టరు కూడా స్టెంట్‌ను ప్రమాదం లేకుండా తీయగలగాలి."

ఈ రెంటిలో మీది ఏదో ఊహించకండి, లెక్క తీయండి. మీ థియేటర్ రిజిస్టర్లో గత ఏడాది పెట్టిన స్టెంట్లు ఎన్ని, తీసినవి ఎన్ని? మిగిలినవాళ్లు ఏమయ్యారు? పేషెంట్ల రికార్డు కాబట్టి మెడికల్ సూపరింటెండెంట్‌తో, ఎథిక్స్ కమిటీతో చెప్పి అనుమతి తీసుకునే చేయండి. ఇక్కడే మీ డాక్టరుగారి ఉత్సాహం పనికొస్తుంది. ఫోన్ చేసినప్పుడు "ఎందుకు రాలేదు" అని అడక్కండి, దోషం మోపినట్టుంటుంది. "స్టెంట్ ఎక్కడ తీయించుకున్నారు" అని అడగండి. నెల్లూరులోనో తిరుపతిలోనో తీయించుకున్నాం అంటే బాగుంది. "స్టెంటా, అదేంటి?" అంటే మొదటి వాక్యం మీది. "తెలుసమ్మా, కానీ మళ్లీ అంత దూరం ఇద్దరం ముగ్గురం రావాలి, కూలీ పోతుంది" అంటే రెండోది.

మొదటిదే అని తేలితే మీరు నిరాశ పడతారని తెలుసు. ఎందుకంటే దానికి మందు ఒక రిజిస్టరు, తెలుగులో ఒక చీటీ, నాలుగో వారం ఒక ఫోన్ కాల్. కనిపెట్టడానికి ఏమీ లేనట్టుంటుంది. నా ఉద్దేశంలో అయినా సరే ముందు అదే చేయాలి. దాని వల్ల ఎవరి కిడ్నీ అయినా దక్కితే, పరికరాన్ని వెతుక్కునే వ్యవధి మీకు ఎలాగూ ఉంటుంది.

రెండోది అయితే మాత్రం మజా ఉంది. ఇప్పటికే ఉన్న దారులు చూడండి. స్టెంట్ కొసకు దారం వదిలి బయటికి ఉంచడం పాత పద్ధతి. చవక, కానీ పొరపాటున లాగితే ముందే వచ్చేస్తుంది. ఆడవాళ్లలో మూత్రమార్గం పొట్టిది కాబట్టి కెమెరా లేకుండా చిన్న కొక్కెంతో తీసిన అనుభవాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. కొలోప్లాస్ట్ వాళ్లు ఐసిరిస్ అని, కొసలోనే పట్టకారు ఉండే, ఒకసారి వాడి పారేసే సిస్టోస్కోపు తెచ్చారు. బాగా పనిచేస్తుంది, కానీ గూడూరులో ఒక నర్సింగ్ హోమ్ దాన్ని కొని అల్మారాలో పెట్టుకుంటుందా అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. కరిగిపోయే స్టెంట్ అయితే తీసే గొడవే లేదు కదా అని ఎవరో ఒకరు మీతో అంటారు. మూత్రనాళంలో దాన్నీ ప్రయత్నించారు. అన్నిచోట్లా ఒకేలా కరగక ముక్కలు మిగిలి, వాటి కోసం మళ్లీ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. గుండెలో అబాట్ కంపెనీ తెచ్చిన కరిగే స్టెంట్ అబ్సార్బ్‌కు అమెరికాలో 2016 జులైలో అనుమతి వస్తే, 2017 సెప్టెంబరులో కంపెనీ అమ్మకాలు ఆపేస్తున్నట్టు చెప్పింది. మామూలు స్టెంట్లకంటే అందులో రక్తం గడ్డకట్టడం ఎక్కువని తేలింది. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్నచోటే అలా అయింది.

అందుకే ఇంకో సలహా. మీ కొత్తదనాన్ని వీలైనంత వరకు శరీరం లోపల ఉండిపోయే వస్తువులో పెట్టకండి, తీసే పనిముట్టులో పెట్టండి. ఏదైనా పదార్థం శరీరానికి సరిపడుతుందా అని చూసే పరీక్షలకు ఐఎస్ఓ 10993 అనే ప్రమాణం ఉంది. 24 గంటల్లోపు తగిలేది, 30 రోజుల దాకా ఉండేది, 30 రోజులు దాటి ఉండేది అని అందులో మూడు మెట్లు. స్టెంట్ ఆరు వారాలు ఉంటే పై మెట్టు. తీసే కొక్కెం అయిదు నిమిషాలు లోపల ఉంటే కింది మెట్టు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పరీక్షలు, ఖర్చు, ఏళ్లు పెరుగుతాయి. మామూలు స్టెంట్‌నే, ఏ కంపెనీదైనా సరే, కెమెరా లేకుండా పట్టుకునే పనిముట్టు చేయగలిగితే ఆసుపత్రులు తమ స్టెంట్ మార్చుకోనక్కర్లేదు. స్టెంట్ కొనేటప్పుడు అయిదొందలు ఎక్కువంటే పర్చేజ్ మేనేజర్ ఎంత ముఖం చిట్లిస్తాడో మీకు తెలియంది కాదు.

కాదు, అయస్కాంతమే అంటారా? సరే, దాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే బొమ్మలో కనపడనివన్నీ ఇక్కడే బయటపడతాయి. మీరు వాడే 6 ఫ్రెంచ్ (గొట్టాల లావుకు వాడే కొలత) స్టెంట్ అంటే బయటి వ్యాసం 2 మిల్లీమీటర్లు. దాని కొసన వేలాడే అయస్కాంతం ఎంత చిన్నదై ఉండాలి? అంత చిన్నదాంట్లో బలం కావాలంటే నియోడిమియం అయస్కాంతం పెట్టాలి. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది. మీ సీఎస్‌ఎస్‌డీలో (పనిముట్లు స్టెరిలైజ్ చేసే విభాగంలో) ఆవిరితో పనిచేసే ఆటోక్లేవ్ 121 డిగ్రీలకు వెళుతుంది. కాబట్టి ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్) గ్యాస్‌తోనే స్టెరిలైజ్ చేయాలి, పాలీయురెథేన్ స్టెంట్‌కూ అదే మేలు. ఆ తర్వాత గ్యాస్ అవశేషం ఎంత మిగిలిందో కొలవాలి. నియోడిమియంకు తుప్పు పట్టే గుణం ఎక్కువ, మూత్రమేమో ఉప్పునీళ్లు. పైన పూత వేస్తారు. ఆ పూతకి సూదిమొనంత కన్నం పడినా లోపల పొడి అయిపోతుంది, లాగేరోజున అతుక్కోవడానికి ఏమీ ఉండదు. పూత మీద గరుకు ఉంటే రాయి కట్టడం అక్కడే మొదలవుతుంది. ఇంతా అయ్యాక, స్టెంట్ లోపల ఉండగా ఆ పేషెంటుకు నడుం నొప్పి వచ్చి నెల్లూరులో ఎవరో ఎంఆర్ఐ రాశారనుకోండి. 1.5 టెస్లా అయస్కాంత బలమున్న ఆ యంత్రం ఈ చిన్న ముక్కను ఏం చేస్తుంది? లోపల అయస్కాంతం ఉందని అక్కడి టెక్నీషియన్‌కు ఎవరు చెప్పాలి? స్టెంట్ ఉందనే తెలియని పేషెంటా?

ఇవి మిమ్మల్ని బెదరగొట్టడానికి కాదు. వీటిలో కొన్నిటిని మీరు ఏ అనుమతీ అక్కర్లేకుండా టేబుల్ మీదే చూసుకోవచ్చు. గడువు దాటిన స్టెంట్లు మీ స్టోర్‌లో పడి ఉంటాయి, అడిగి తీసుకోండి. పేషెంటు ఒంట్లోంచి తీసినవి వద్దు, అవి బయోమెడికల్ వేస్టు. పూత వేసిన అయస్కాంతాలను కృత్రిమ మూత్రంలో, 37 డిగ్రీల నీళ్ల తొట్టిలో ఉంచి వారానికోసారి బరువు తూచండి, లాగే బలం కొలవండి. కృత్రిమ మూత్రం తయారీ పద్ధతులు పరిశోధన పత్రాల్లో దొరుకుతాయి. మీకు తెలిసిన లెక్చరర్ ఎవరున్నా కాలేజీ కెమిస్ట్రీ లేబులో ఒక మూల ఇస్తారు. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. పని చెడిన రోజున కూడా రాయండి, ముఖ్యంగా ఆ రోజున.

శరీరంలో ఉండిపోయే వస్తువుకు ఎంత ఓపిక కావాలో తెలియాలంటే చిత్రా గుండె వాల్వు కథ చాలు. చెన్నై టీటీకే గ్రూపు పేరు దానితో కలిసి ఉంది కాబట్టి మీరు విని ఉంటారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం తయారుచేసిన మొదటి నమూనాలు వరసగా దెబ్బతిన్నాయి. ఒకదానికి కృత్రిమ నీలం రాయి (సఫైర్) బిళ్ల పెట్టారు, అది గట్టిది, నునుపైనది. గొర్రెకు అమర్చారు. కొన్ని నెలలు బాగానే పనిచేసింది, తర్వాత బిళ్ల విరిగి గొర్రె చనిపోయింది. అప్పుడు బిళ్లను గట్టి రకం పాలీఎథిలీన్‌కు మార్చారు. మనిషికి మొదటిసారి అమర్చింది 1990 డిసెంబరులో. ఆ తర్వాత లక్షకు పైగా వాల్వులు అమర్చారు. గొర్రె మీద చూడకుండా ఆ వాల్వు నేరుగా మనుషుల దాకా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి, మీ డాక్టరుగారిని కూడా ఆలోచించమనండి.

పేటెంట్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ప్రపంచమంతటికీ చెల్లే పేటెంట్ అంటూ ఒకటి లేదు. ఏ దేశానికి ఆ దేశంలో తెచ్చుకోవాలి. పీసీటీ అనే అంతర్జాతీయ దరఖాస్తు ఆ తలుపులు కొంతకాలం తెరిచి ఉంచుతుంది, అంతే. కాబట్టి మీ బావగారికి తెలిసిన కన్సల్టెన్సీకి నమస్కారం పెట్టేయండి. నిజంగా కొత్తది దొరికిన రోజున, ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. అక్కడినుంచి పన్నెండు నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. దానికి మాత్రం మంచి పేటెంట్ ఏజెంటుకు డబ్బు ఇవ్వండి, కక్కుర్తి పడొద్దు. మన దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పేటెంట్ ఆఫీసు మీ చెన్నై గిండీలోనే ఉంది. వైద్యం చేసే పద్ధతికి మన చట్టం పేటెంట్ ఇవ్వదు, కాబట్టి "ఇలా తీయాలి" అని కాకుండా "ఈ పనిముట్టు ఇలా ఉంటుంది" అని రాయించాలి. పోస్టర్ ఎందుకు వద్దన్నానంటే, నలుగురికీ చూపించాక అది కొత్తది కాకుండా పోతుంది. మన చట్టంలో కొన్ని మినహాయింపులున్నా యూరప్‌లో ఆ దయ లేదు. దరఖాస్తు వేసిన మర్నాడు పోస్టర్ పెట్టుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు.

డాక్టరుగారి గురించి ఒక మాట. ఆయన చెడ్డవాడని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నేనూ అనను. పెద్ద ఉత్సాహం, చిన్న ఓపిక, అంతే. కానీ పోస్టర్ మీద రచయితల వరుసలో టెక్నీషియన్ పేరు చివర్లోకి జారడం, తర్వాత మాయమవడం మామూలే. పేటెంట్‌లో ఆ వరుస చెల్లదు. ఎవరి ఆలోచనో వాళ్లే ఆవిష్కర్త, హోదాతో పనిలేదు. అందుకే పని ముదరకముందే "సార్, ఇది మనిద్దరి పేర్ల మీద చేద్దాం, నోటుబుక్కులో నెలకోసారి ఇద్దరం సంతకాలు పెడదాం" అని అడగండి. మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. కాదంటే ఇప్పుడే తెలియడం నయం. మీ అపాయింట్‌మెంట్ లెటర్ కూడా తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా కనిపెట్టింది ఆసుపత్రికే చెందుతుందని అందులో లైను ఉంటే, హెచ్ఆర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఆయన మీకు కావాలి కూడా. హైదరాబాద్‌లో కలాంగారు, గుండె డాక్టరు సోమరాజుగారు కలిసి 1990లలో చవక స్టెంట్ తెచ్చారని మనవాళ్లందరూ గర్వంగా చెప్పుకుంటారు. అది ఇంజనీరు ఒక్కడివల్లా కాలేదు, డాక్టరు ఒక్కడివల్లా కాలేదు. మీ జట్టులో ఇంజనీరు లేడు, వెతకండి.

వెతకడానికి మీ ఊళ్లోనే చోటుంది. తరమణిలో ఐఐటీ మద్రాసు రీసెర్చ్ పార్కులో హెల్త్‌కేర్ టెక్నాలజీ ఇన్నోవేషన్ సెంటర్ ఉంది. ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ, శ్రీచిత్ర కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నాయి. ఆ విద్యార్థులకు నిజమైన ఆసుపత్రి సమస్యలు కావాలి, మీ దగ్గర ఉన్నవే అవి. మీ లెక్క, మీ ఒక్క వాక్యం చేతిలో పెట్టుకుని వెళ్లండి, బొమ్మలు ఇంట్లో వదిలేయండి. డబ్బు ఆ తర్వాత. నమూనా దశకు కేంద్ర ప్రభుత్వ పథకం నిధి-ప్రయాస్ కింద పది లక్షల దాకా, ఇంకాస్త ముందుకెళితే ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు కింద యాభై లక్షల దాకా వస్తుంది. బిగ్ కోసం బెంగళూరులోని సీ-క్యాంప్ అనే పరిశోధన సంస్థ ద్వారా కూడా దరఖాస్తు చేయొచ్చు. పరీక్షల లేబులు కావాలంటే విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది.

ఉద్యోగం మానొద్దు. ఇది జీతం కోసం మాత్రమే చెప్పడం లేదు, అదీ ఉందనుకోండి. మీరు రోజూ నిలబడే ఆ చోటు కోసం బయటి ఇంజనీర్లు నెలల తరబడి అనుమతులు అడుగుతారు. గ్లోవ్స్ వేసుకున్న చేతుల్లో ఫోర్సెప్స్ ఎన్నిసార్లు జారుతుందో, మగపేషెంటు ఎక్కడ బిగుసుకుంటాడో, మత్తు జెల్లీ పనిచేయకముందే డాక్టరు తొందరపడితే ఏమవుతుందో మానేసిన మర్నాటి నుంచి మీకు కనపడదు.

ఈ వారంలో చేయాల్సింది చిన్నదే. స్టెంట్ పెట్టిన ప్రతి పేషెంటుకూ మీ థియేటర్ రిజిస్టర్లో "తీయాల్సిన తేదీ", "ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు", "మాట్లాడే భాష" అని మూడు గడులున్నాయేమో చూడండి. లేకపోతే సిస్టర్ ఇన్‌ఛార్జితో చెప్పి స్కేలు పెట్టి గీయించండి. తెలుగు అని రాసి ఉన్న పేషెంటు డిశ్చార్జి అయ్యే రోజున, కేసుల మధ్య పది నిమిషాలు అడిగి తీసుకుని, వార్డుకు మీరే వెళ్లి చెప్పండి. కొడుకు బిల్లు కౌంటర్ నుంచి వచ్చేదాకా ఆగి చెప్పండి.